గ్రహణం మొర్రి: కుట్లు మానిన తర్వాత మన చేతిలో ఉండే పని



ఈ నెల ఆరోగ్య పాఠం మీలో కొద్దిమందికి నేరుగా సంబంధించినది. మిగిలినవారు కూడా తెలుసుకోవాల్సినది. పుట్టుకతోనే పై పెదవి చీలి ఉండటాన్ని మన ఊళ్లలో గ్రహణం మొర్రి అంటారు. కొందరు పిల్లలకు పెదవితో పాటు పై చిగురు, అంగిలి కూడా చీలి ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే సుమారు 700 నుంచి 1000 మంది శిశువుల్లో ఒకరు ఇలా పుడతారు. అంటే వెయ్యి మంది చదివే ఒక బ్రాంచిలో అలాంటి విద్యార్థి ఒకరు ఉండటం మామూలే.

వారిలో చాలామందికి పసితనంలోనే ఆపరేషన్ అయిపోతుంది. సాధారణంగా పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య కుట్లు వేస్తారు. స్కూల్లో చేరే నాటికి పెదవి మీద సన్నటి గీత తప్ప బయటికి ఏమీ కనిపించదు. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక బెంగ లేదు" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

కానీ పై చిగురు చీలి ఉన్న పిల్లలకు ఇంకో ముఖ్యమైన ఆపరేషన్ మిగిలి ఉంటుంది. అది సుమారుగా మూడో తరగతి నుంచి ఆరో తరగతి మధ్య వస్తుంది. ఆ రోజుకు బిడ్డ నోరు శుభ్రంగా, ఇన్‌ఫెక్షన్ లేకుండా ఉండాలి. ఆ శుభ్రత ఆపరేషన్‌కు ముందు వారం రోజుల్లో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి, రోజూ రాత్రి వాష్ బేసిన్ దగ్గర తయారయ్యేది. ఈ పాఠం దాని గురించే.

ముందుగా ఆ పేరు గురించి

గర్భిణి గ్రహణం చూసిందనో, గ్రహణం వేళ కత్తిపీట పట్టుకుందనో బిడ్డకు ఇలా అయిందని ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అంటుంటారు. ఆ మాట తల్లి మనసులో ఏళ్ల తరబడి ముల్లులా ఉండిపోతుంది. గ్రహణానికీ, దీనికీ ఏ సంబంధమూ లేదు. గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య శిశువు పెదవి, ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అంగిలి రూపుదిద్దుకుంటాయి. రెండు వైపుల నుంచి పెరిగే కణజాలం మధ్యలో కలవాలి. ఎక్కడైనా కలవకపోతే అక్కడ చీలిక మిగులుతుంది. వంశపారంపర్యం, పొగ తాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న షుగర్ వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని రకాల మందులు ఈ అవకాశాన్ని పెంచుతాయి. చాలా సందర్భాల్లో ఫలానా కారణం అని చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి "నీ వల్లే" అని ఎవరినీ అనడానికి వీల్లేదు.

నోట్లో ఉండే బాక్టీరియా ఏం చేస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న నోట్లోనూ బాక్టీరియా ఉంటుంది. మనుషుల నోళ్లలో ఇప్పటివరకు సుమారు 700 రకాలను గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం మనకు హాని చేయవు. చిక్కల్లా కొన్ని రకాలు ఒకేచోట గుంపుగా స్థిరపడినప్పుడే. పొద్దున లేవగానే పళ్ల మీద నాలుకకు జారుడుగా తగిలే పాచి అలాంటి గుంపే.

పళ్లను పుచ్చిపోయేలా చేసేవాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్. మనం తిన్న చక్కెరను అది కూడా తింటుంది, ఆమ్లాన్ని వదులుతుంది. ఆ చక్కెరతోనే జిగురు లాంటి పదార్థం తయారు చేసుకుని పంటికి అతుక్కుంటుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచి కింద ఆమ్లం పెరిగి, పంటి పైపొర అయిన ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి పరిస్థితిని మళ్లీ మామూలు చేయడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఈలోపు ఇంకో చాక్లెట్ వేసుకుంటే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పది చాక్లెట్లు ఒకేసారి తినడం కంటే, గంటకొకటి చొప్పున రోజంతా తినడం పళ్లకు ఎక్కువ చేటు.

ఈ బాక్టీరియా పుట్టినప్పుడే బిడ్డ నోట్లో ఉండదు. చాలా వరకు ఇంట్లో పెద్దల లాలాజలం నుంచి చేరుతుంది. కాబట్టి బిడ్డ నోరు బాగుండాలంటే అమ్మ, నాన్న, నానమ్మ, తాతయ్య కూడా తమ పుచ్చు పళ్లకు వైద్యం చేయించుకోవాలి.

చీలిక ఉన్న నోట్లో తేడా ఏమిటి?

ఇదే బాక్టీరియా అందరి నోళ్లలోనూ ఉన్నా, చీలికతో పుట్టిన పిల్లల్లో పుచ్చు పళ్లు, చిగుళ్ల వాపు ఎక్కువగా కనిపిస్తాయి. దానికి కారణాలు ఇవి.

మొదటిది, దాక్కునే చోటు ఎక్కువ. చీలిక పక్కన ఉండే పళ్లు వంకరగా, మెలితిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తాయి. ముందు పెద్ద పన్నుకూ కోరపన్నుకూ మధ్య ఉండాల్సిన చిన్న పన్ను కొందరిలో అసలు రాదు. కొందరిలో అదనపు పన్ను వస్తుంది. ఆ సందుల్లోకి మామూలు బ్రష్ చేరదు. అక్కడి పళ్లలో ఎనామిల్ కూడా కొన్నిసార్లు పలుచగా ఉంటుంది కాబట్టి తొందరగా పుచ్చుతాయి.

రెండోది, పెదవి బిగుతు. కుట్లు మానిన చోట మచ్చ గట్టిపడి పై పెదవి పూర్తిగా పైకి లేవదు. బిడ్డ తనంతట తాను బ్రష్ చేసుకుంటే సరిగ్గా అవసరమైన చోటే వదిలేస్తాడు.

మూడోది, ముక్కుకూ నోటికీ దారి. అంగిలి ఆపరేషన్ తర్వాత కొందరిలో చిన్న రంధ్రం మిగిలిపోతుంది. డాక్టర్లు దాన్ని ఫిస్టులా అంటారు. పై చిగురులోని చీలిక దగ్గర కూడా ఇలాంటి దారి ఉండవచ్చు. దాని గుండా అన్నం మెతుకులు, పాలు ముక్కులోకి వెళ్లి నిలుస్తాయి. ముక్కులో ఉండే స్టాఫిలోకోకస్ వంటి బాక్టీరియా నోట్లోకి వస్తుంది. నీళ్లు తాగేటప్పుడు ముక్కులోంచి కారుతున్నాయంటే ఆ విషయం సర్జన్‌కు తప్పక చెప్పాలి.

నాలుగోది మన భయం. కుట్లు వేసిన చోట చేయి పెడితే ఏమవుతుందోనని చాలామంది తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఆ భాగాన్ని తాకరు. బ్రష్ తగిలి చిగురు నుంచి రక్తం వస్తే మరింత భయపడి మానేస్తారు. గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పిన తర్వాత మెత్తటి బ్రష్ వల్ల కుట్లు విడిపోవు. చిగురు నుంచి రక్తం రావడం చాలాసార్లు అక్కడ పాచి పేరుకుందనడానికి గుర్తు. నెమ్మదిగా, రోజూ శుభ్రం చేస్తూ ఉంటే సాధారణంగా కొద్ది రోజుల్లో ఆ రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే డెంటిస్ట్‌కు చూపించాలి.

ఎముక అమర్చే ఆపరేషన్: కోరపన్ను మన క్యాలెండర్ చూడదు

పై చిగురు చీలి ఉన్నచోట లోపల ఎముక కూడా ఉండదు. ఆ ఖాళీలోకి కోరపన్ను దిగాలంటే పట్టు దొరకదు. అందుకే బిడ్డకు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను ఇంకా బయటికి రాకముందే, సాధారణంగా తుంటి ఎముక నుంచి మెత్తటి ఎముక కొద్దిగా తీసి ఆ ఖాళీలో నింపుతారు. పైన చిగురుతో మూసి కుట్లు వేస్తారు. అమెరికా సర్జన్లు బోయిన్, శాండ్స్ 1972లో వివరించిన ఈ పద్ధతినే ఇప్పటికీ ప్రపంచమంతా పాటిస్తున్నారు. అమర్చిన ఎముక చుట్టూ ఉన్న ఎముకతో కలిసిపోతే కోరపన్ను దాని గుండానే కిందికి దిగుతుంది. ముక్కు అడుగు భాగానికి ఆసరా దొరుకుతుంది. చిగురులో ఉన్న రంధ్రం కూడా మూసుకుంటుంది.

ఇప్పుడు బాక్టీరియా సంగతి చూడండి. కొత్తగా అమర్చిన ఎముకకు మొదట్లో సొంతంగా రక్తప్రసరణ ఉండదు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి రక్తనాళాలు మెల్లగా అందులోకి పెరగాలి. ఆ రోజుల్లో పక్కనే చీము పట్టిన పన్ను గానీ, వాచిన చిగురు గానీ ఉంటే కుట్లు విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ లోపలికి చేరితే అమర్చిన ఎముకలో కొంత, ఒక్కోసారి మొత్తం పోతుంది. బిడ్డ తుంటి దగ్గర భరించిన నొప్పి వృథా అవుతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. అందుకే సర్జన్లు ముందుగా పుచ్చు పళ్లన్నిటికీ వైద్యం చేయించుకుని రమ్మంటారు. నోరు బాగోలేకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తారు. జలుబు, జ్వరం, గొంతు నొప్పి ఉన్నా వాయిదా పడవచ్చు.

ఇక్కడే మీకొక మనవి. "ఈ ఏడాది ఫౌండేషన్ క్లాసులు ఉన్నాయి, ఒలింపియాడ్ ఉంది, వచ్చే వేసవికి చూద్దాం" అని ఆపరేషన్‌ను వాయిదా వేయకండి. కోరపన్ను మన అకడమిక్ క్యాలెండర్ చూసి రాదు. తేదీ నిర్ణయించాల్సింది బిడ్డ ఎక్స్‌రే చూసిన సర్జన్, పళ్లను వరుసలో పెట్టే ఆర్థోడాంటిస్ట్. పోయిన పాఠాలు మళ్లీ చెప్పించుకోవచ్చు. ఏడేళ్లు నిండగానే వారిని కలిసి, ఏ వయసులో ఏం చేయాలో రాయించుకోవడం మంచిది.

"పాల పళ్లే కదా, ఊడిపోయేవే" అనే మాట కూడా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. వెనుక ఉండే పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉంటాయి. సరిగ్గా ఎముక అమర్చే వయసులో అవి కూడా అక్కడే ఉంటాయన్నమాట. వాటి కింద చేరిన చీము, తర్వాత రావాల్సిన పన్నును కూడా దెబ్బతీయగలదు.

వినబడకపోవడం, వినకపోవడం

ఇన్‌ఫెక్షన్ ఒక్క పళ్లకే పరిమితం కాదు. మధ్య చెవి నుంచి గొంతు వెనుకకు ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మనం మింగినప్పుడల్లా అంగిలి కండరాలు దాన్ని తెరుస్తాయి. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో ఆ కండరాలు సరిగా పనిచేయవు కాబట్టి మధ్య చెవిలో ద్రవం నిలుస్తుంది. అంగిలికి ఆపరేషన్ కాని శిశువుల్లో దాదాపు అందరికీ ఇది ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కూడా కొందరిలో ఏళ్ల పాటు వస్తూ పోతూ ఉంటుంది. ఆ ద్రవంలో బాక్టీరియా పెరిగితే చెవిపోటు, చీము వస్తాయి. నొప్పి లేకపోయినా వినికిడి మందగిస్తుంది.

క్లాసులో అలాంటి బిడ్డ డిక్టేషన్‌లో పదాలు వదిలేస్తాడు, పిలిస్తే వెంటనే పలకడు. మనం దాన్ని అశ్రద్ధ అనుకుంటాం. ఇలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా వినికిడి పరీక్ష చేయించాలి. చెవిలో వెల్లుల్లి వేసి కాచిన నూనె, కొబ్బరి నూనె పోయకండి.

ఇంట్లో రోజూ చేయాల్సినవి

1. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల చొప్పున బ్రష్ చేయించండి. రాత్రి పడుకునే ముందు చేసేది అన్నిటికంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, బాక్టీరియాకు అడ్డు ఉండదు. బ్రష్ తర్వాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి.

2. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకోండి. వంకర పళ్ల మధ్య శుభ్రం చేయడానికి ఒకే కుచ్చు ఉండే సింగిల్ టఫ్ట్ బ్రష్ బాగా పనికొస్తుంది.

3. ఏడెనిమిదేళ్ల దాకా మీరే బ్రష్ చేయండి. తన షూ లేసులు తానే చక్కగా కట్టుకోగలిగేదాకా బిడ్డ చేతికి ఆ నేర్పు రాదు. ఆ తర్వాత కూడా చీలిక వైపు రోజుకొకసారి మీరు చూడండి.

4. బిడ్డ వెనుక నిలబడి, తలను మీ ఛాతీకి ఆనించుకోండి. ఒక వేలితో పై పెదవిని నెమ్మదిగా పైకెత్తండి. పన్నూ చిగురూ కలిసే చోట బ్రష్‌ను చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. అద్దం ముందు చేస్తే బిడ్డకూ కనిపిస్తుంది, భయం పోతుంది.

5. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ఉమ్మేయడం నేర్పండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని కొన్ని ఊళ్లలా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగుతుంటే ఏ పేస్ట్ వాడాలో డెంటిస్ట్‌ను అడగండి.

6. దవడను వెడల్పు చేసే ప్లేట్ పెట్టుకునే పిల్లలైతే, తీసి పెట్టుకునే రకాన్ని రోజూ మెత్తటి బ్రష్‌తో, చల్లటి నీటితో కడగండి. వేడి నీళ్లు పోస్తే వంగిపోతుంది. నోట్లోనే బిగించి ఉంచే ప్లేట్ చుట్టూ ప్రతి భోజనం తర్వాత శుభ్రం చేయాలి.

7. ఆపరేషన్ అయిన కొత్తలో ఈ సూచనలు పక్కనపెట్టి సర్జన్ చెప్పింది మాత్రమే చేయండి. బ్రష్ ఎప్పటి నుంచి, గట్టి తిండి ఎప్పటి నుంచి అన్నది వారే చెప్పాలి.

8. నొప్పి లేకపోయినా ఆరు నెలలకొకసారి, లేదా డెంటిస్ట్ చెప్పినంత తరచుగా చూపించండి.

లంచ్ బాక్స్ విషయంలో పెద్ద మార్పులేమీ అక్కర్లేదు. పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన శనగలు, జామకాయ ముక్కలు బాగుంటాయి. జిగురుగా పళ్లకు అతుక్కునే బిస్కెట్లు, క్రీమ్ కేకులు, టాఫీలు రోజూ పెట్టకండి. తీపి ఇవ్వాలనుకుంటే భోజనంతో పాటే ఇవ్వండి. స్కూల్ బాటిల్‌లో జ్యూస్ వద్దు, మంచినీళ్లే పోయండి. తిన్న తర్వాత నీళ్లు పుక్కిలించడం అలవాటు చేయండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

చిగురు మీద చీము పొక్కు, రాత్రి నిద్ర లేపే పంటి నొప్పి, నోటి నుంచి గానీ ముక్కు నుంచి గానీ ఎడతెగని దుర్వాసన ఉంటే ఒకట్రెండు రోజుల్లో డెంటిస్ట్‌ను కలవండి. జ్వరంతో పాటు చెంప వాచినా, వాపు కంటి వైపు పాకినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొని వేయకండి. దానితో నొప్పి రెండు రోజులు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, పంటి లోపలి కారణం అలాగే ఉంటుంది.

చీలికతో పుట్టిన కొందరు పిల్లలకు గుండెలో కూడా లోపం ఉంటుంది. పంటి నుంచి రక్తంలోకి చేరిన బాక్టీరియా అలాంటి గుండె లోపలి పొరకు సోకే ప్రమాదం ఉంది. కాబట్టి పన్ను తీయించే ముందు, చిగుళ్ల వైద్యానికి ముందు గుండె సంగతి డెంటిస్ట్‌కు చెప్పి తీరాలి.

స్కూల్‌కు చెప్పాల్సినవి, ఇంట్లో పిల్లలకు నేర్పాల్సినవి

మీ బిడ్డకు ఈ సమస్య ఉంటే క్లాస్ టీచర్‌తో విడిగా ఒక్కసారి మాట్లాడండి. వినికిడి తక్కువైతే ముందు బెంచీ అడగండి. లంచ్ తర్వాత పుక్కిలించడానికి రెండు నిమిషాలు అడగండి. రాబోయే ఆపరేషన్ తేదీ ముందే చెబితే పరీక్షలు, నోట్స్ గురించి టీచర్లు ఏర్పాట్లు చేయగలుగుతారు.

మిగిలిన తల్లిదండ్రులు చేయగలిగిన సాయం ఒకటుంది. కొందరు పిల్లలకు ఆపరేషన్ తర్వాత కూడా మాట ముక్కుతో వచ్చినట్టు ఉంటుంది. దాన్ని అనుకరించి నవ్వితే ఆ బిడ్డ క్లాసులో నోరు తెరవడం మానేస్తాడు. అద్దంలో తన నోరు చూసుకోవడానికి కూడా ఇష్టపడడు. అప్పుడు బ్రష్ చేయించడం తల్లికి రోజూ ఒక యుద్ధమవుతుంది. "ఆ మచ్చ ఏమిటి?" అని మీ పిల్లలు అడిగితే "పుట్టినప్పుడు పెదవి కలవలేదు, డాక్టర్లు కుట్టారు" అని మామూలు గొంతుతో చెప్పండి. అది అంటుకునేది కాదని, పక్కన కూర్చుని తినవచ్చని చెప్పండి.

మీ బంధువుల్లో గానీ, మీ దగ్గర పనిచేసేవారి ఇంట్లో గానీ ఆపరేషన్ కాని బిడ్డ ఉంటే ఈ సంగతి వారికి చేరవేయండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ పాఠశాలల్లో పరీక్షించే 30 ఆరోగ్య సమస్యల్లో ఇదీ ఒకటి. స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో కూడా ఆపరేషన్ ఉచితంగా చేస్తారు.

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. బిడ్డను వెలుతురులో కూర్చోబెట్టి, పై పెదవి మెల్లగా ఎత్తి, ఇన్నాళ్లూ బ్రష్ చేరని చోటు ఏదో ఒక్కసారి చూడండి. తెల్లటి పాచి కనిపించినా, గోధుమ రంగు మచ్చ కనిపించినా కంగారు పడాల్సిన పనిలేదు. పాచిని ఈ రాత్రే బ్రష్‌తో తీయవచ్చు. మచ్చకు ఈ వారంలోనే డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.